గదికో కెటిల్

“ముట్టకుండ్రి, ఇంక మస్తు కాల్తున్నది” అన్నాడు ప్రేమ్ కుమార్.

గ్యాసు పొయ్యి మీద నల్లటి ముద్ద ఒకటి బర్నరుకు అతుక్కుని ఉంది. కాసేపటి క్రితం దాకా అది చిన్నకోడలు నవనీత కొనుక్కున్న కరెంటు కెటిల్. పైన స్టీలు స్టీలులాగే ఉంది గాని, అడుగున ఉన్న ప్లాస్టిక్ అంతా కరిగి బర్నరు రంధ్రాల్లోకి కారి గడ్డకట్టింది. వంటింట్లో నిలబడితే కళ్లు మండుతున్నాయి. ఫ్యాను వేద్దామంటే కరెంటు లేదు. అసలు కరెంటు లేకపోవడం వల్లనే ఇంత జరిగింది. ఆ మాట అడిగిన నాథుడు మాత్రం ఇంట్లో లేడు.

పెద్దకొడుకు లక్ష్మణ్ గడపలోనే ఆగిపోయాడు. ఎరువుల దుకాణం తెరిచే వేళ దాటిపోతోందని అతని చిరాకు అతనిది.

“అమ్మా, కరెంటుతోటి నడిచేదాన్ని పొయ్యి మీద పెడ్తరా ఎవలన్న?”

నర్సమ్మ మసిగుడ్డ పట్టుకుని నిలబడింది.

“నిన్నే అమ్మా, అడుగుతున్న.”

“కేతిలే గద అనుకున్న” అంది నర్సమ్మ.

“హోటలుల చాయ కాగవెట్టే కేతిలి, ఇది ఒక్కటేనా?” అన్నాడు చిన్నకొడుకు ప్రేమ్ కుమార్. మోటార్ల వైండింగు చేసేవాడు కాబట్టి కరెంటు సంగతి వస్తే అతనికి కోపమూ ఎక్కువే, పాఠమూ ఎక్కువే. “కింద కాయిల్ ఉంటది, వైర్లుంటయి. మంట తగిలితే పేలిపోయేది. నీ అదృష్టం మంచిగున్నది.”

పెద్దకోడలు జయశ్రీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పిల్లలను బయటికి తోలింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. బడిలో అలవాటైన గొంతును ఇంట్లో తగ్గించడం ఆమెకు ఎప్పుడూ చేతకాలేదు. తోటికోడలి చెవిలో చెప్పినట్టే చెప్పింది గాని, వీధి గుమ్మం దాకా వినబడింది.

“తెల్వక పెట్టిందనుకుంటున్నవా చెల్లె? అది ఇంట్లకొచ్చిన కాడికెల్లి అత్తమ్మకు కండ్లమంటనే గద.”

 నవనీత దవాఖానలో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చిన మనిషి. గొంతు పట్టేసి ఉంది. కాలిన కెటిల్‌ను ఒకసారి, అత్తను ఒకసారి చూసి మెట్లెక్కి తన గదికి వెళ్లిపోయింది.

ఆ చూపు నర్సమ్మకు తగిలింది. తిట్టినా ఇంతకంటే నయంగా ఉండేది.

జరిగింది చెప్పుకోవాలంటే చాలా చిన్న సంగతి. నవనీత గొంతు నొప్పితో గడప దాటుతూ ‘అత్తమ్మా, జర ఏడి నీళ్లు’ అంది. కరెంటు లేదు. గిన్నెలో కాచి ఇవ్వొచ్చు. కాని గిన్నె నీళ్లకు పోపు వాసన వస్తుందని చిన్నకోడలు ఇదివరకే అంది. అందుకని నర్సమ్మ ఆమె కెటిల్‌లోనే కాచి ఇద్దాం, సంతోషిస్తుంది అనుకుంది. మంట సన్నగా పెట్టి, నీళ్లలో వేయడానికి నాలుగు తులసాకులు తెంపుకొద్దామని పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చేసరికి ఇల్లంతా పొగ.

ఆ ఆకులు ఇంకా ఆమె గుప్పిట్లోనే నలిగి ఉన్నాయి.

వరండాలో బక్కయ్య దగ్గాడు. రోజూ ఆ వేళకు బండి వేసుకుని పెద్దమందడి పొలానికి పోయే ఇంటాయన, ఈ గొడవతో ఆగిపోయాడు.

“ఏమే, పెద్దకోడలికి బడి యాళ్ల అయితున్నదని చెప్పు” అన్నాడు భార్యతో.

పెద్దకోడలు ఆయన ఎదురుగానే ఉంది. అయినా నర్సమ్మ ఆమె వైపు తిరిగి, “బడి యాళ్ల అయితున్నదంట అమ్మా” అంది.

“పోతున్న అని చెప్పు అత్తమ్మా.”

“పోతున్నదంట” అంది నర్సమ్మ వరండా వైపు తిరిగి.

అది ఆ ఇంటి పద్ధతి. మామ కోడలితో నేరుగా మాట్లాడడు. బక్కయ్య తండ్రి మాట్లాడలేదు, బక్కయ్యా మాట్లాడడు. కోడళ్లిద్దరూ చదువుకున్నవాళ్లే, వనపర్తి టౌనులో ఉద్యోగాలు చేసేవాళ్లే, అయినా ఈ ఒక్కటీ మారలేదు. దానికి ఈ మధ్య మరొకటి తోడైంది. లక్ష్మణ్ చూపించిన చోట ప్రేమ్ కుమార్ పొలంలో బోరు వేయించాడు. దుమ్ము తప్ప నీళ్లు పడలేదు. బోరు బండి ముందరే అన్నదమ్ములు అనరాని మాటలు అనుకున్నారు. ఆనాటి నుంచి వాళ్ల మాటలు కూడా తల్లి చేతుల మీదుగానే నడుస్తున్నాయి.

కాబట్టి తెల్లవారితే ఒకరి తర్వాత ఒకరు పొయ్యి దగ్గరికి వస్తారు. ఒకరికి గోళీ వేసుకోవడానికి వేడినీళ్లు, ఒకరికి చాయ, ఇంకొకరికి పిల్లల పాలు. వచ్చినప్పుడల్లా ఒక మాట అప్పజెప్పి పోతారు. అన్నకు చెప్పు, తమ్మునికి చెప్పు, మామకు చెప్పు. నర్సమ్మ ఒక్క మాటా మరిచిపోకుండా చేరవేస్తుంది. మాటలో కారం ఉంటే కొంచెం తగ్గించి కూడా చేరవేస్తుంది, ఆ తెలివి ఆమెకు ఉంది.

ఇంటి నిండా మనుషులు. అందరూ ఆమె ద్వారా మాట్లాడేవాళ్లే, ఆమెతో మాట్లాడేవాళ్లు ఒక్కరూ లేరు. అది ఆమెకు తెలుసు. తెలిసినా ఆ పొయ్యి దగ్గరి చోటునే పట్టుకుని ఉంది. ఏదో ఒక పని మీద ఒక మనిషి వచ్చి పక్కన నిలబడతాడు గదా! ‘నీకు కష్టం తప్పుతది అత్తమ్మా’ అంటూ నవనీత ఆ కెటిల్ తెచ్చిన రోజు నర్సమ్మ ముఖం చిన్నబోయింది అందుకే. ఆ కష్టమూ తప్పితే ఆమెకు ఆ ఇంట్లో మిగిలేదేమిటి?

*

మధ్యాహ్నం నర్సమ్మ పొయ్యి విప్పి కింద పరిచి, బర్నరుకు అంటిన ప్లాస్టిక్ పెచ్చులు పాత చెంచాతో గోకుతోంది. నిద్ర లేచిన నవనీత మెట్లు దిగి వచ్చింది. నిలబడింది గాని కూర్చోలేదు.

“ఇటియ్యి, నేను గీకుత.”

“వద్దులే. నీ చేతులు మసైతయి.”

 నవనీత గోడకు ఆనుకుంది.

“గొంతు తగ్గిందా?” అని నర్సమ్మే అడిగింది.

“గోళీ ఏసుకున్న.”

మళ్లీ చెంచా చప్పుడు.

“అత్తమ్మా, ఒక్కటి అడుగుత, కోపం చెయ్యకు. నేను గిన్నెల నీళ్లు వాసనొస్తయన్న మాట మనసుల పెట్టుకున్నవా?”

నర్సమ్మ చేయి ఆగింది. చెప్పేయాలి అనుకుంది. ఇప్పుడే చెప్పేయాలి. అవును బిడ్డా, ఆ మాట మనసులో పెట్టుకునే నీ దాంట్లో కాచిన, నీకు మంచిగ అనిపిస్తదని కాచిన, అని చెబితే అయిపోతుంది. ఎంతో మంది మాటలు తడబడకుండా మోసిన నోరు, సొంత మాట దగ్గరికి వచ్చేసరికి బరువెక్కింది.

“పెట్టుకున్న...” అంది.

మిగతాది పెదవి దాటేలోపే వీధి తలుపు చప్పుడైంది. అన్నానికి వచ్చిన లక్ష్మణ్ చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు. “అమ్మా, చిన్నోనికి చెప్పు. దుకాణంకాడ రైతొకాయన మోటరు స్టార్టరు పట్టుకొని కూసున్నడు, జర చూస్తడేమో అడుగు...”

బావను చూసి నవనీత కొంగు సర్దుకుని పక్కకు తప్పుకుంది. లక్ష్మణ్ కూడా మరదలిని చూసి మాట మింగేశాడు. ఆమె మెట్లెక్కి పోతుంటే నర్సమ్మ “నవనీతా” అని పిలిచింది.

“ఏంది అత్తమ్మా?”

పెద్దకొడుకు ఎదురుగా ఉన్నాడు. నర్సమ్మ ఏం చెబుతుంది? “ఏం లేదు, అన్నం తిందువు రా” అంది.

“ఆకలి లేదు.”

ఆ సగం మాటనే వెంట తీసుకుని నవనీత పైకి వెళ్లిపోయింది.

*

సాయంత్రం కొత్త కెటిల్ మీద పంచాయతీ కూర్చుంది.

హాల్లో ఆ గోడకు లక్ష్మణ్, ఈ గోడకు ప్రేమ్ కుమార్, చేతుల్లో ఫోన్లు. మధ్యలో చాట ముందు పెట్టుకుని నర్సమ్మ పల్లికాయ ఒలుస్తోంది. ఇద్దరూ ఫోన్లలో ఒకే రకం కెటిల్ బొమ్మలు చూస్తున్నారు. ఒకరి ఫోను ఒకరు చూసుకుంటే అరక్షణంలో తేలే పని.

“అమ్మా, చిన్నోనికి చెప్పు. ఈసారి లోపలంత స్టీలే ఉన్నది తీసుకోవాలె. లోపల ప్లాస్టిక్ తగిల్తె నీళ్లు వాసనొస్తయి” అన్నాడు లక్ష్మణ్.

“స్టీలేనంట” అంది నర్సమ్మ.

“ఏ స్టీలో అడుగు. ఒక్క పొరదైతే బయట ముట్టుకున్నా చెయ్యి కాల్తది. ఇంట్ల పిల్లలున్నరు. రెండు పొరలది కావాలె” అన్నాడు ప్రేమ్ కుమార్.

“రెండు పొరలదంట.”

“రెండు పొరలదైతే బరువుంటది. ఎత్తి వంచేది అమ్మనే గద.”

అమ్మనే గద అన్న మాటతో నర్సమ్మకు ప్రాణం లేచొచ్చింది. తల ఎత్తి పెద్దకొడుకు వైపు చూసింది. అతను ఫోను చూస్తున్నాడు.

“అత్తమ్మ ఎందుకెత్తుతది?” అంది జయశ్రీ. పిల్లల హోంవర్క్ దిద్దుతూనే ఆమె చెవులు రెండూ ఇక్కడే పెట్టింది. “ఆమెను దాని దగ్గరికి రానియ్యొద్దనే గద మన పరేషాన్.”

చాటలో పల్లికాయ చిట్లిన చప్పుడు ఒక్కటి వినిపించింది.

“మూతి వెడల్పుండేది చూడుండ్రి” అంది నవనీత మెట్ల మీద నుంచే. “మన నీళ్లకు అడుగున తెల్లగ పేరుకుంటది. చెయ్యి లోపటికి పోకుంటే కడగరాదు.”

పక్క గదిలో మంచం మీద నుంచి బక్కయ్య గొంతు వచ్చింది. “ఏమే, దాంట్ల పాలు కాగుతయా అని చిన్నకోడలిని అడుగు.”

“పాలు కాగవెట్టరాదని చెప్పు అత్తమ్మా. పొంగి కాయిల్ మాడుతది. వట్టి నీళ్లే.”

“వట్టి నీళ్లేనంట.”

“మల్ల చాయెట్ల?”

“పొడి సంచిని ఏడి నీళ్లల్ల ముంచుకునుడు” అంది నవనీత.

“ముంచుకునుడంట.”

“గదేం చాయనే!” అన్నాడు బక్కయ్య. అందరూ నవ్వారు. నర్సమ్మా నవ్వింది. ఆ క్షణం ఇల్లు ఇల్లులాగే ఉంది.

అప్పుడు జయశ్రీ పెన్ను మూత పెట్టింది. “ఒకటి తెస్తే యాడ పెడ్తరు? కింద పెడితే చెల్లె దిగి రావాలె, పైన పెడితే నేనెక్కాలె. నేను బడికి ఉరికే యాళ్లకే ఆమె డ్యూటీకెల్లి వస్తది. ఇద్దరికి ఒక్కపారే కావాలె, మల్ల లొల్లి. చిన్నవి గదికొకటి తెచ్చుకుంటే అయిపోతది. ఎవల నీళ్లు వాళ్లు కాచుకుంటరు.”



“గది కరెక్టే” అన్నాడు ప్రేమ్ కుమార్.

“నేను గూడ గదే అనబోతున్న” అన్నాడు లక్ష్మణ్.

బోరు గొడవ తర్వాత అన్నదమ్ములు ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. ఎంతో సంతోషించవలసిన తల్లి ఒలిచిన పల్లీలను, పొట్టును కలిపి ఒకే గిన్నెలో పోసేసింది.

“గదికొకటంటే వేరు కుంపటి పెట్టినట్లు గాదా?” అంది.

“నీళ్లు కాచుకుంటే వేరు కుంపటేందమ్మా!” లక్ష్మణ్ నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఒక్కసారి నవ్వారు.

“పెద్దది ఒకటి తెచ్చి వంటింట్లనే పెట్టుండ్రి. నేను కాచి పెడ్త” అంది నర్సమ్మ.

ఆ నవ్వుల్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. అది ఎవరి తరఫునో చెప్పిన మాట కాదు గదా, ఎవరు వినాలి?

*

ఆదివారం కోడళ్లిద్దరూ బజారుకు బయలుదేరుతుంటే నర్సమ్మ చెప్పులు తొడుక్కుంది.

“నేను గూడ వస్త.”

“నువ్వెందుకు అత్తమ్మా? గింత పనికి” అంది జయశ్రీ.

“చూస్త.”

దుకాణంలో కెటిల్‌లు గోడ పొడుగునా వరసగా పెట్టి ఉన్నాయి. గాజువి, స్టీలువి, ముక్కు పొడుగువి, పొట్టివి. దుకాణపాయన ఒకదాంట్లో నీళ్లు పోసి, ప్లగ్గు పెట్టి, మరగ్గానే దానంతట అదే టక్కున ఆగిపోవడం చూపించాడు. జయశ్రీ బాగుందంది. నవనీత మూత తెరిచి లోపల చేయి పట్టేదీ లేనిదీ చూసుకుంది. అడుగున కాయిల్ పైకి కనబడకుండా మూసి ఉన్నదే కావాలని, తీగ మరీ పొట్టిగా ఉండకూడదని అడిగి అడిగి ఎంచుతోంది.

నర్సమ్మ ఒక మూలకు పోయి నిలబడింది. అక్కడ స్టీలుది ఒకటి, బిందెకంటే ఎత్తుగా ఉంది. కింద నీళ్లు పట్టుకునే నల్లా బిగించి ఉంది.

“ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?” అని అడిగాడు దుకాణపాయన.

నర్సమ్మ అలవాటుగా కోడళ్ల వైపు తిరిగింది, ఈ ప్రశ్న ఎవరికి చేరవేయాలా అని. తర్వాత గాని తననే అడిగాడని తెలియలేదు.

“ఇంటి నిండ ఉంటరు” అంది.

“అయితే గిదే కరెక్ట్. కరెంటుదే. ఒక్కపారి నింపి ప్లగ్గు పెడితే చాలు, గ్లాసు పెట్టి నల్లా తిప్పుకునుడే.”

నర్సమ్మ ఆ నల్లా మీద చేయి వేసింది. తిప్పి చూసింది. మళ్లీ కట్టేసింది.

“జయశ్రీ, గిది తీస్కుందమా? వంటింట్ల పెడితే అందరొచ్చి ఒక్కకాడనే పట్టుకుంటరు. పొద్దుగాల లేచి నేను నింపి పెడ్త. పొయ్యి మీద పెట్టనులే, గాబర పడకు.”

జయశ్రీ పకపకా నవ్వింది. “అత్తమ్మా, అది ఫంక్షన్లల్ల పెట్టేది! మన ఇంట్ల రోజు పెండ్లా?”

దుకాణపాయన కూడా గిరాకీకి తగ్గట్టు నవ్వాడు.

నవనీత నవ్వలేదు. నల్లా మీద ఉన్న అత్త చేతిని చూస్తోంది. ‘పొయ్యి మీద పెట్టను’ అంటూ బతిమాలుతున్నట్టు ఉన్న ఆ గొంతు ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. కావాలని కెటిల్ కాల్చిన మనిషి గొంతులా లేదు అది.

“అక్కా, ఒకపారి దాన్ని చూద్దమా?” అంది.

“యాడ పెడ్తవు? మన వంటింట్ల వైరింగు గంత పెద్దదానికి ఆగుతదా? నువ్వే చెప్పు.”

“ఆగది” అంది నవనీత.

అక్కడితో ఆ మాట అయిపోయింది.

చిన్నవి మూడు కట్టించారు. ఒకటి జయశ్రీ వాళ్ల గదికి, ఒకటి పైన నవనీత వాళ్లకు. మూడోది జయశ్రీ అత్త చేతికిచ్చింది. “ఇది నీకు, మామకు. నల్లది అయితే మురికి కనవడదని నల్లదే తీసిన.”

జయశ్రీ నిజంగానే ప్రేమగా ఇచ్చింది. ఆటోలో నర్సమ్మ ఆ అట్టపెట్టెను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఎన్నో ఏళ్లకు తనకంటూ ఆ ఇంట్లో కొన్న వస్తువు అది. దాన్ని పట్టుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. వీధి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

*

ఆ తర్వాతి పొద్దుల గురించి చెప్పడానికి ఎక్కువేమీ లేదు. పైన గదిలో టక్కుమనేది, పక్క గదిలో టక్కుమనేది. నర్సమ్మ వంటింట్లో వింటూ ఉండేది. తన నల్ల కెటిల్ పెట్టె విప్పకుండానే, పెనిమిటికీ తనకూ పొయ్యి మీద చాయ పెట్టేది. బక్కయ్య తాగి, గ్లాసు అక్కడ పెట్టి, పొలానికి పోయేవాడు.

లక్ష్మణ్ ఒక పొద్దు వచ్చి సంతోషంగా చెప్పాడు. “అమ్మా, ఇగ నీకు ఆ తిప్పలు గూడ లేదు. జయశ్రీ ఫోన్ల గ్రూపు పెట్టింది, ‘మన ఇల్లు’ అని. వానికి నేను చెప్పేది, నాకు వాడు చెప్పేది అన్ని దాంట్లనే. ఇంకోపారి బోరు పాయింటు చూపియ్యాలని గూడ దాంట్లనే అనుకున్నం.”

“మంచిగైంది బిడ్డా” అంది నర్సమ్మ. మంచిగానే అయింది. కొడుకులు కలిస్తే చాలని మొక్కుకున్న మనిషే ఆమె. ఆమెదీ బక్కయ్యదీ బటన్ ఫోన్లు. ఆ గ్రూపులో వాళ్లిద్దరూ లేరు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

అప్పుడే మల్దకల్ నుంచి చెల్లెలు జోగులమ్మ ఫోను చేసింది. గుడి దగ్గర ఆమెకు చాయ హోటలు ఉంది. “అక్కా, జాతరొస్తున్నది. పనిపిల్ల మానేసింది. పొయ్యికాడ నిలవడెటందుకు మనిషి లేదు. నువ్వు జర వస్తవా? పొద్దుగూకేదాక మనుషులే, ఊపిరాడదు నాకు.”

పొద్దుగూకేదాక మనుషులే అన్న మాట నర్సమ్మ చెవిలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం అందరూ తింటుండగా కావాలనే అందరి ముందూ చెప్పింది. “జోగులమ్మ రమ్మంటున్నది. జాతర అయ్యేదాక మల్దకల్ పోవాల్నేమో.”

చెప్పి ఒక్కొక్కరి ముఖమూ చూసింది. వద్దమ్మా అని ఒక్కరంటే చాలు. ఆగిపోయేది.

“పోరాదమ్మా. చిన్నమ్మ గూడ ఒక్కతే ఉంటది” అన్నాడు లక్ష్మణ్.

“గద్వాల బస్సు ఎక్కిస్త నేను. ఆడికెల్లి మల్దకల్‌కు ఆటోలే ఆటోలు” అన్నాడు ప్రేమ్ కుమార్.

“ఇక్కడ మాకేం ఇబ్బంది లేదు అత్తమ్మా. కూర అన్నం నేను, చెల్లె చూసుకుంటం. నువ్వు ఫికర్ చెయ్యకు” అంది జయశ్రీ.

నవనీత ఏదో అనబోయింది. అందరూ పొమ్మంటుంటే తానొక్కతే ఉండమంటే ఏం బాగుంటుందనుకుందో, అన్నం కలుపుతూ ఉండిపోయింది.

వాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. అందుకే నర్సమ్మకు మరీ కష్టంగా ఉంది. చెడ్డవాళ్లయితే తిట్టుకుని అయినా పోయేది.

చివరగా పెనిమిటి వైపు చూసింది. బక్కయ్య మజ్జిగ పోసుకున్నాడు.

*

బస్టాండులో ప్రేమ్ కుమార్ సంచి కిటికీలోంచి లోపల పెట్టాడు. “అమ్మా, అన్నకు చెప్పు, జీయాలజిస్టు శుక్రారం వస్త అన్నడని...” అని ఆగి, తనలో తాను నవ్వుకున్నాడు. “వద్దులే, గ్రూపుల పెడ్త. నువ్వు పైలం.”

బస్సు కదిలింది. నర్సమ్మ ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు పైసల్లేకుండా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. పక్క సీటులో ఎవరూ లేరు. పెబ్బేరు దాటింది. రోడ్డుకు అటూ ఇటూ పల్లి చేన్లు పచ్చగా ఉన్నాయి. ఎవరికీ చెప్పవలసిన మాట ఒక్కటీ ఆమె దగ్గర లేదు. ఇన్నేళ్లలో అంత ఖాళీగా ఎప్పుడూ లేదు.

కృష్ణ వంతెన దాటుతుండగా ఫోను మోగింది. బక్కయ్య. ఆయన భార్యకు ఫోను చేసే మనిషి కాదు. 

“ఏమైంది? పానం మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది.”

“పొలం పోలే?”

“పోయిన. వచ్చిన.”

ఆ వేళకు ఆయన ఇల్లు చేరడం ఎన్నడూ లేదు. నర్సమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

“జర తలనొస్తున్నది” అన్నాడు బక్కయ్య. “గా అట్టడబ్బల నీళ్లు కాచే మిషన్ ఉన్నది గద. దాంట్ల నీళ్లు ముందుగాల పొయ్యాల్నా, ప్లగ్గు ముందుగాల పెట్టాల్నా?”

“నాకేం తెల్సు? నేనెన్నడన్న ముట్టిన్నా దాన్ని? చిన్నకోడలు ఇంట్లనే ఉన్నది గద, అడుగు.”

“ఆమెనెట్ల అడుగుత?”

నిజమే, ఎట్లా అడుగుతాడు? పెద్దకోడలిని ఎట్లా అడుగుతాడు? పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఆయన నోరు తెరిచే దారే లేదని నర్సమ్మకు అప్పుడు అర్థమైంది. జాలేసింది. వెంటనే కోపమూ వచ్చింది. నిన్న మజ్జిగ పోసుకున్నప్పుడు ఈ నోరు ఏమైంది?

“అయితే నీళ్లే తాగు” అంది.

ఆయన ఫోను పెట్టేయలేదు. ఏదో గొణిగాడు. బస్సు చప్పుడులో ఆమెకు అందలేదు.

“ఏందీ? జర గట్టిగ చెప్పు.”

“ఇంట్ల మంచిగ అనిపిస్త లేదు అంటున్న” అన్నాడు బక్కయ్య.

ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? నర్సమ్మ నోటి వెంట ఆలోచించకుండానే వచ్చేసింది.

“ఎవలికి చెప్పాలె?”



“ఎవలికేంది? నీకే చెప్తున్న” అన్నాడు బక్కయ్య.

బస్సు ఎర్రవల్లి చౌరస్తాలో ఆగింది. ఎదురుగా వనపర్తి వైపు పోయే బస్సు ఒకటి జనాన్ని ఎక్కించుకుంటోంది. నర్సమ్మ సంచి పట్టుకుని లేచి నిలబడింది.

“దిగుతవా అమ్మా? నీ టికెట్ గద్వాలకు గదా?” అని కండక్టరు అడిగాడు.

నర్సమ్మ చెవికి ఫోను అట్లాగే ఉంది. సంచి భుజానికి వేసుకుని దిగే మెట్ల వైపు అడుగు వేసింది.